గుంటూరు మఠవైద్యశాల: కథోలిక విశ్వాసాచరణలో స్త్రీవైద్యం (1904–1957)

తెలుగునాట కథోలిక సమాజ చరిత్రను గురించి తెలుగు శాఖలలో జరిగిన పరిశోధన చాలావరకు గ్రంథాల చుట్టూ, నిఘంటువుల చుట్టూ, వ్యాకరణాల చుట్టూ సాగింది. దానికి తగిన కారణం లేకపోలేదు. 18వ శతాబ్దిలో కర్ణాటక మిషన్‌కు చెందిన జెస్యూట్ గురువులు తెలుగును శ్రద్ధగా అభ్యసించారు. పియర్ డి లా లేన్ 1729లో ఫ్రెంచి భాషలో తెలుగు వ్యాకరణం రచించాడు. గాస్టన్ కేర్దూ తెలుగు నిఘంటువు కూర్చడమే కాక, సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో గల సాదృశ్యాన్ని విలియం జోన్స్ కంటె ముందే ఫ్రాన్సు పండితులకు లేఖల ద్వారా విన్నవించాడు. ఇట్టి కృషి మన దృష్టిని ఆకర్షించడం సహజం. అయితే విశ్వాసం పుస్తకాలలోనే నివసించదు గదా. అది పురిటిగదిలో, మందుల గదిలో, బడిలో, తిరునాళ్ళలో ఏ రూపం ధరించిందో తెలుసుకొనకుండా ఒక మతసమాజ చరిత్ర పూర్తి కాదు. ఆ దృష్టితో గుంటూరులో యేసు మరియ యోసేపు సభకు చెందిన మఠకన్యలు నడిపిన వైద్యశాలను, అందులో 1920 నుండి పనిచేసిన ఆస్ట్రేలియా వైద్యురాలు మేరీ గ్లౌరీ జీవితాన్ని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను. వైద్యం ఈ మఠంలో మతప్రచారానికి సాధనమా, లేక మతాచరణకు ఒక రూపమా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

గుంటూరు సీమ: పూర్వరంగం

గుంటూరు ప్రాంతపు కథోలికులలో ఒక ముఖ్యమైన వర్గం 18వ శతాబ్దిలో రాయలసీమ నుండి వలస వచ్చిన రెడ్డి కుటుంబాలకు చెందినది. ఫిరంగిపురం, ముట్లూరు, రెంటచింతల వంటి గ్రామాలు ఈ సమాజానికి నెలవులు. 1773లో పోపు జెస్యూట్ సభను రద్దు చేయడంతో గురువుల రాక సన్నగిల్లింది. ఆ తరువాత చాలాకాలం ఈ గ్రామాలలో విశ్వాసాన్ని నిలిపినవారు గృహస్థులు, ఉపదేశులు. పూజ చేయగల గురువు ఎప్పుడో గాని రాని చోట జపమాల, పరలోక జపం, మంగళవార్త జపం ఇంటింటి ఆచారాలయ్యాయి. 1875 నుండి మిల్ హిల్ సభ గురువులు తెలుగు ప్రాంతంలో అడుగుపెట్టాక విచారణలు, బడులు, గుడులు తిరిగి క్రమబద్ధమయ్యాయి. దళిత కుటుంబాలు అధిక సంఖ్యలో కథోలిక సంఘంలో చేరడం కూడ ఈ దశ నుండే విస్తరించింది. ఒకే గుడిలో ఒకే సత్ప్రసాదం స్వీకరించేవారి మధ్య కులభేదం మాత్రం తొలగిపోలేదు. ఈ విషయాన్ని ముందుగానే గుర్తుపెట్టుకొనడం అవసరం, ఎందుకంటే వైద్యశాల చరిత్రలో దాని ప్రసక్తి మళ్ళీ వస్తుంది.

1904 రెండు విధాల గుర్తింపదగిన సంవత్సరం. కృష్ణా, నెల్లూరు జిల్లాల భాగాలతో గుంటూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది ఆ యేడే. హాలెండు నుండి యేసు మరియ యోసేపు సభ సన్యాసినులు గుంటూరు చేరుకున్నదీ ఆ యేడే. మథియాస్ వోల్ఫ్ అనే జెస్యూట్ గురువు 1822లో ఆమెర్స్‌ఫూర్ట్ పట్టణంలో స్థాపించిన సభ ఇది. మనవాళ్ళు జె.ఎం.జె. సభ అంటారు. వీరు బడులు పెట్టారు, అనాథలను చేరదీశారు, చిన్న ఔషధశాలను నడిపారు. అయితే వారిలో వైద్యురాలు లేదు.

పట్టణంలో స్త్రీవైద్యం అప్పటికే లేదనుకోరాదు. లూథరన్ మిషన్ తరఫున అమెరికా నుండి 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ 1898 నాటికే గుంటూరులో స్త్రీల ఆసుపత్రిని నెలకొల్పింది. ఆమె పేరు నేటికీ ఆ ఆసుపత్రికి ఉన్నది. కథోలిక సన్యాసినులు ఇటువంటి వైద్యురాలిని తమలో నుండి తయారుచేసుకోలేకపోవడానికి ధనలోపం గాని ఆసక్తి లోపం గాని ముఖ్య కారణం కాదు. అడ్డు వచ్చినది వారి ధర్మశాస్త్రమే.

నిషేధం, అనుమతి

అర్చకవర్గం శస్త్రచికిత్స చేయరాదన్న నియమం పాతది. 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభ కోతతోను, వాతతోను కూడిన చికిత్సలను దీక్షితులకు నిషేధించింది. 1917లో వెలువడిన ధర్మశాస్త్ర సంహిత, రోము అనుమతి లేనిదే అర్చకవర్గం వైద్యవృత్తి అవలంబింపరాదని విధించి, ఆ కట్టుబాటును సన్యాస సభల సభ్యులకు కూడ వర్తింపజేసింది. రోగికి పరిచర్య చేయవచ్చు, పుండు కడిగి కట్టు కట్టవచ్చు, అనాథను పెంచవచ్చు. కాని వైద్యురాలుగా నాడి చూసి, కత్తి పట్టి, పురుడు పోయడం సన్యాసినికి తగని పని. బ్రహ్మచర్య వ్రతం స్వీకరించిన స్త్రీ ప్రసవం దగ్గర ఉండరాదన్న భావన దీనికి మరింత బలం చేకూర్చింది.

ఈ నిషేధం వల్ల నష్టపోయినది ఎవరో మొదట గట్టిగా చెప్పినది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు వైద్యురాలు. ఉత్తర హిందూదేశంలో పరదా పాటించే స్త్రీలు పురుష వైద్యుని చేత పరీక్ష చేయించుకొనక, వైద్యం అందక మరణించడం ఆమెను కలచివేసింది. రావల్పిండిలో స్త్రీలకు, శిశువులకు ఒక ఆసుపత్రి ఏర్పడడానికి ఆమె కారకురాలు. సన్యాసినులకు వైద్యవృత్తి అనుమతించవలసిందని రోముకు విన్నపాలు చేస్తూ ఉండగానే 1913లో మరణించింది.

ఆమెను గురించిన చిన్న పుస్తకమొకటి 1915లో మెల్‌బోర్న్ నగరంలో మేరీ గ్లౌరీ చేతికి వచ్చింది. 1887లో విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగుర్రా గ్రామంలో జన్మించి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో వైద్యపట్టం పొందిన గ్లౌరీకి అప్పటికి నగరంలో మంచి వృత్తి ఉంది. కంటి వైద్యంలో అనుభవం ఉంది. మరుసటి సంవత్సరం ఏర్పడిన కథోలిక మహిళల సాంఘిక సంఘానికి ఆమె మొదటి అధ్యక్షురాలయింది. హిందూదేశంలో తల్లుల, శిశువుల మరణాలను గురించి చదివిన నాటినుండి తన జీవితం అక్కడిదేనని ఆమె నిశ్చయించుకొన్నది. ఆవేశంతో వెంటనే ఓడ ఎక్కలేదు. యుద్ధం ముగిసేవరకు ఆగి, ప్రసూతి, స్త్రీరోగ, నేత్ర విభాగాలలో ఉన్నత వైద్యపట్టం కోసం చదివి, 1919లో దానిని సాధించి, 1920 జనవరిలో బయలుదేరింది. ఆమె ఎన్నుకున్న శాస్త్రవిభాగాలను చూడండి. గుంటూరులో ఏ రోగి తన గడప తొక్కనున్నదో ఊహించి చదివిన చదువు అది.

1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరి, జె.ఎం.జె. సభలో ప్రవేశించి, యేసు తిరుహృదయ మేరీ అనే సన్యాసనామం స్వీకరించింది. సన్యాసినిగా ఉంటూ వైద్యవృత్తి నిర్వహించడానికి పోపు పదిహేనవ బెనెడిక్టు ఆమెకు ప్రత్యేకానుమతి ఇచ్చాడు. వ్రతధారిణియైన సన్యాసిని ఇట్లు వైద్యురాలుగా పనిచేయడం కథోలిక చరిత్రలో అపూర్వమైన విషయం. దీని విశేషం ఒక పోలికతో తెలుస్తుంది. మెక్‌లారెన్ అడుగుజాడలలోనే రావల్పిండిలో పనిచేసిన ఆస్ట్రియా వైద్యురాలు అన్నా డెంగెల్ 1925లో వైద్య మిషనరీ సంఘమొకటి స్థాపించింది. కాని ఆ సంఘసభ్యులు 1936 వరకు బహిరంగ సన్యాసవ్రతాలు స్వీకరించే వీలు లేకపోయింది. వైద్యమా, వ్రతమా అని వారు ఎంచుకోవలసి వచ్చిన కాలంలో గుంటూరులో ఆ రెండూ ఒక వ్యక్తిలో కలిసి ఉన్నాయి.

పురిటిగది

గ్లౌరీ వచ్చిననాటి గుంటూరు ప్రశాంతంగా లేదు. మరుసటి సంవత్సరమే చీరాల-పేరాల ఉద్యమం, ఆ వెంటనే పెదనందిపాడు పన్నుల నిరాకరణ జిల్లాను కుదిపివేశాయి. తెల్లవారంటే పాలకులన్న భావన ఊరూరా బలపడుతున్న రోజులు. అట్టి కాలంలో ఒక తెల్ల సన్యాసిని తెలుగు ఇంటి పురిటిగదికి ఎట్లు దారి చేసుకొన్నదన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

ఆనాటి కాన్పు వ్యవస్థను తలచుకొంటే కొంత సమాధానం దొరకుతుంది. పురుడు పోసేది మంత్రసాని. చాలా ఊళ్ళలో ఆమె మంగలి స్త్రీ. పురిటిమైల ఉన్నన్నాళ్ళు బాలింతను ఇంటిలో వేరుగా ఒక మూలగదిలో ఉంచేవారు. గాలి, వెలుతురు సోకకుండా తలుపులు మూసేవారు. బాలింతకు కాయం, పథ్యం, శిశువుకు వేడి కాపడం వంటివి తరతరాల అనుభవం నేర్పిన పద్ధతులు. వాటిలో ఉపకరించేవి లేకపోలేదు. మంత్రసానుల చేతి నేర్పును తక్కువ చేసే హక్కు మనకు లేదు. అయితే బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, రక్తస్రావం ఆగనప్పుడు, శుభ్రం కాని కత్తితో బొడ్డు కోయడం వల్ల ధనుర్వాతం వచ్చినప్పుడు ఆ నేర్పు చాలదు. అప్పుడు కావలసినది శస్త్రవైద్యం. పురుష వైద్యుని ఇంటిలోకి రానీయరు. ఆసుపత్రికి పోవడమంటే మరణానికి సిద్ధమైనట్లే అన్న భయం ఒకటి. ఇట్టి పరిస్థితిలో మతమేదైనా, రంగేదైనా స్త్రీ కావడమే వైద్యురాలికి మొదటి అర్హత అయింది. కుగ్లర్ విషయంలోను, గ్లౌరీ విషయంలోను ఇదే జరిగింది.

చిన్న ఔషధశాలగా మొదలైన పని క్రమంగా సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగింది. రోగులు లక్షల సంఖ్యలో వచ్చారు. ఒక వైద్యురాలు, కొద్దిమంది సన్యాసినులు ఇంతమందిని చూడలేరు గనుక స్థానిక స్త్రీలకు శిక్షణ ఇవ్వడం తప్పనిసరి అయింది. మందులు కలపడం, కట్టు కట్టడం, పురుడు పోయడం, రోగి పరిస్థితిని గమనించి రాసిపెట్టడం తెలుగు యువతులు నేర్చుకున్నారు. నా అభిప్రాయంలో గ్లౌరీ చేసిన పనులన్నింటిలో శాశ్వతమైనది ఇదే. ఆమె చికిత్స పొందిన రోగులు ఆమె తరంతో వెళ్ళిపోయారు. ఆమె నేర్పిన విద్య మరొక తరానికి చేరింది.

ఈ శిక్షణ వెనుక గల సామాజికాంశాన్ని విడిచిపెట్టరాదు. 20వ శతాబ్ది తొలి దశకాలలో దక్షిణ హిందూదేశంలో నర్సు వృత్తికి ముందుకు వచ్చినవారిలో క్రైస్తవ స్త్రీలు అధికులు. రక్తం, మలమూత్రాలు, పరుల శరీరం తాకవలసిన పని కావడం వల్ల సవర్ణ కుటుంబాలు తమ ఆడపిల్లలను దానికి పంపలేదు. మంత్రసాని వృత్తిని ఏ మైల భావన కింది కులాలకు పరిమితం చేసిందో, అదే భావన నర్సు వృత్తినీ చాలాకాలం తక్కువ చూపు చూసింది. అయితే ఒక తేడా ఉంది. మంత్రసాని పని కులంతో వచ్చింది. నర్సు పని చదువుతో వచ్చింది, జీతంతో వచ్చింది, తెల్లని దుస్తులతో వచ్చింది. గుడిలో వెనుక వరుసలో కూర్చున్న కుటుంబపు పిల్ల ఆసుపత్రిలో అగ్రకులపు బాలింత చేయి పట్టుకొని నాడి చూసే స్థితి ఏర్పడింది. విశ్వాసం కథోలిక సమాజంలోని కులాన్ని తొలగించలేకపోయిన చోట ఒక వృత్తిశిక్షణ దానికి కొంత పగులు పెట్టగలిగిందని చెప్పడం అతిశయోక్తి కాదనుకొంటాను. మఠకన్యలు దీనిని ఒక సంస్కారోద్యమంగా భావించి చేశారని మాత్రం అనను. రోగులు ఎక్కువ, చేతులు తక్కువ. అవసరమే చాలావరకు దారి చూపింది.

భాష: గుడిలోనిది, ఆసుపత్రిలోనిది

తెలుగు శాఖ పత్రికలో ఈ విషయాన్ని ప్రస్తావించడానికి భాష కూడ ఒక కారణం. రెండవ వాటికన్ మహాసభ (1962–65) వరకు కథోలిక దివ్యపూజ లాటిన్‌లో సాగింది. అందుచేత తెలుగు కథోలికునికి పూజ వినవలసినది, జపం పలుకవలసినది. జపాల తెలుగు జెస్యూట్ల కాలం నుండి సంస్కృత పదభూయిష్ఠమైనది. దేవుడు సర్వేశ్వరుడు. ప్రొటెస్టెంటుల బాప్తిస్మం ఇక్కడ జ్ఞానస్నానం. ప్రభురాత్రి భోజనం ఇక్కడ దివ్యసత్ప్రసాదం. ఈ పరిభాష గంభీరమైనది, ఒక మేరకు పండితరంజకమైనది కూడ.

వైద్యశాలలో ఈ భాష పనికిరాదు. ఎన్నో నెల, నొప్పులు ఎప్పుడు పట్టాయి, ఉమ్మనీరు పోయిందా, బిడ్డ కదులుతున్నదా, పాలు పడ్డాయా అన్నవి అక్కడి ప్రశ్నలు. ఇంగ్లీషు మాతృభాషగా గల వైద్యురాలు, డచ్చి మాట్లాడే సన్యాసినులు, తెలుగు తప్ప మరొకటి ఎరుగని రోగులు. వీరి నడుమ వారధులైనవారు స్థానిక పరిచారికలే. చూలింత సిగ్గుతో సగం మింగిన మాటను డాక్టరమ్మకు అందించి, డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తను అత్తగారికి నచ్చేటట్లు చెప్పగలిగినది ఆ పిల్ల మాత్రమే. మిషనరీల భాషాసేవ అన్నప్పుడు మనం కేర్దూ నిఘంటువును, బ్రౌన్ దొర నిఘంటువును తలుస్తాం. ఆసుపత్రి వరండాలో ప్రతి ఉదయం జరిగిన ఈ అనువాదం కూడ ఆ సేవలో భాగమే. అచ్చు కాలేదు గనుక మన గ్రంథసూచికలలో చేరలేదు.

స్త్రీల ఆరోగ్యాన్ని గురించి తెలుగులో బాహాటంగా మాట్లాడడం అదే కాలంలో మరొక వైపునుండి కూడ మొదలైందని గుర్తుచేయాలి. మద్రాసులో ఆయుర్వేద వైద్యులు డాక్టరు కె. ఎన్. కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించారు. మార్గాలు వేరు, కాలం ఒకటే.

సేవయా, సాధనమా?

1930లలో గాంధీజీ క్రైస్తవ మిషనరీల ఆసుపత్రులను, బడులను గురించి తన పత్రికలలో పలుమార్లు రాశారు. సేవను ఆయన కాదనలేదు. సేవను మతాంతరీకరణకు ఎర చేయడాన్ని నిరసించారు. రోగి నిస్సహాయుడు. నిస్సహాయునికి చేసిన ఉపకారానికి ప్రతిఫలంగా అతని మతాన్ని కోరడం అధర్మమన్నది ఆయన వాదసారం. ఈ విమర్శను తేలికగా తోసిపుచ్చే వ్రాతలు చర్చి చరిత్రలలో కనిపిస్తాయి. అది న్యాయం కాదు.

ముఖ్యంగా ఒక ఆచారం ఇక్కడ చర్చించవలసినది. మరణావస్థలో ఉన్న శిశువుకు జ్ఞానస్నానం ఇవ్వడం ఆనాటి కథోలిక వేదాంతం ప్రకారం పుణ్యకార్యం. గురువు లేనప్పుడు ఎవరైనా నీరు పోసి నిర్ణీత వాక్యం పలికి ఇవ్వవచ్చును. కథోలిక మంత్రసానులకు, నర్సులకు ఇది నేర్పడం అన్ని దేశాలలోను ఉన్న పద్ధతి. నమ్మినవారికి అది ఆత్మరక్షణ. బిడ్డ తల్లిదండ్రులు వేరొక మతానికి చెందినప్పుడు వారి సమ్మతి మాటేమిటి? నేటి మన దృష్టికి ఇది సమర్థనీయం కాదు. చర్చి కూడ రెండవ వాటికన్ మహాసభ అనంతరం మతస్వేచ్ఛను గురించి, ఇతర మతస్థుల రక్షణను గురించి వేరుగా మాట్లాడసాగింది. గ్లౌరీ తరం సన్యాసినులు ఆ మార్పుకు ముందటివారు. శరీరాన్ని రక్షించాలన్న తపన, ఆత్మను రక్షించాలన్న తపన వారి మనసులో రెండు వేర్వేరు ఉద్దేశాలు కావు. వాటిని విడదీసి ఒకదానిని మెచ్చుకొని మరొకదానిని దాచిపెట్టడం చరిత్ర రచన అనిపించుకోదు.

అయినా సాధనవాదం మొత్తం చిత్రాన్ని వివరించలేదని నా అభిప్రాయం. వైద్యం కేవలం ఎర అయినట్లయితే, అంత ఉన్నతమైన చదువు అవసరం లేదు. కొద్ది మందులు, కొంత దయ చాలు. గ్లౌరీ ప్రయాణాన్ని ఆపుకొని మరీ ఉన్నతపట్టం సంపాదించడం, వృత్తి ప్రమాణాలలో రాజీ పడకపోవడం వేరొక దానిని సూచిస్తున్నాయి. మఠ దినచర్యలో తెల్లవారుజామున పూజ, ఆపైన రోగులు, సంధ్యాజపం, రాత్రి పిలుపు వస్తే పురుడు. ఈ క్రమంలో ఏది మతాచరణ, ఏది వృత్తి అని గీత గీయడం కష్టం. బాగా చేయని శస్త్రచికిత్స ఆమెకు సరిగా చేయని ప్రార్థన వంటిదే అయి ఉంటుంది.

1936 తరువాత

1936 ఫిబ్రవరి 11న రోములోని విశ్వాస వ్యాప్తి శాఖ ఒక ఆదేశం వెలువరించింది. మిషన్ దేశాలలో సన్యాసినులు వైద్యం, ప్రసూతి విద్య అభ్యసించి తల్లులకు, శిశువులకు సేవ చేయడాన్ని అది ప్రోత్సహించింది. ఆనాడు లూర్దుమాత పండుగ. తెలుగు కథోలికులకు ఆ తేదీ గుణదల తిరునాళ్ళ తేదీగా సుపరిచితం. గుంటూరు మఠంలో 16 సంవత్సరాలుగా ప్రత్యేకానుమతితో సాగుతున్న పని ఆనాటితో సర్వసాధారణ ధర్మమయింది. మెక్‌లారెన్ విన్నపాలకు ఆమె మరణించిన 23 ఏళ్ళకు సమాధానం వచ్చిందన్నమాట.

తరువాతి అడుగు సంస్థాపరమైనది. 1943లో 16 మంది సన్యాసినులు కలిసి కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. గ్లౌరీ దానికి మొదటి అధ్యక్షురాలు. యుద్ధకాలం, మందుల కొరత, కరవు రోజులు. ఒక్కొక్క మఠం తన ఊళ్ళో తాను పడుతున్న అవస్థను పదిమందితో పంచుకొనే వేదిక అది. దేశంలో కథోలికుల ఆధ్వర్యంలో వైద్యకళాశాల ఉండాలన్నది ఆ సంఘపు తొలి ఆశయాలలో ఒకటి. విదేశాల నుండి వైద్యురాళ్ళు వస్తారని ఎదురుచూడడం ఇక సరిపోదని, ఈ దేశపు స్త్రీలే వైద్యులు కావాలని ఆమె గ్రహించింది. ప్రొటెస్టెంటులు వెల్లూరులో ఈ పని 1918లోనే మొదలుపెట్టారు. కథోలికులు పాతికేళ్ళు వెనుకబడ్డారు, అందుకు ముఖ్యకారణం పైన చెప్పిన నిషేధమే.

గుంటూరు సంఘ నాయకత్వం కూడ ఈలోగా మారుతూ వచ్చింది. 1940లో గుంటూరు ప్రత్యేక మేత్రాసనం కాగా మొదటి పీఠాధిపతి పోతకమూరి తోమాసు తెలుగువారు. రెండేళ్ళకు ఆయన బెంగళూరు పీఠానికి వెళ్ళారు. 1946లో గుంటూరులో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. తెలుగు యువతులు వైద్యవిద్యకు మద్రాసు, వెల్లూరు, విశాఖపట్నం వెళ్ళనవసరం లేని రోజు సమీపించింది.

గ్లౌరీ సుమారు 37 సంవత్సరాలు ఈ దేశంలో గడిపింది. ఆస్ట్రేలియా తిరిగి వెళ్ళలేదు. చివరి దశలో క్యాన్సరు బారిన పడి, 1957 మే 5న బెంగళూరులో మరణించింది. ఆమె కోరిన వైద్యకళాశాల సెయింట్ జాన్స్ పేరుతో అదే నగరంలో 1963లో ప్రారంభమైంది. 2013లో చర్చి ఆమెను ‘దైవసేవకురాలు’గా గుర్తించింది. ఆమె అధ్యక్షతన ఆరంభమైన సంఘం ఇప్పుడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్నది. గుంటూరు ఆసుపత్రిలో ఆమె దగ్గర పని నేర్చిన తెలుగు నర్సుల పేర్లు మాత్రం ఏ ప్రకటనలోను చేరలేదు. వారి మనుమరాళ్ళు గుంటూరు, ఫిరంగిపురం, రెంటచింతల పరిసరాలలో ఇంకా ఉన్నారు. మౌఖిక చరిత్ర సేకరించదలచిన పరిశోధకులు ముందుగా వెళ్ళవలసినది వారి ఇళ్ళకే.